నాడి క్రమంగా కొట్టుకోవడమే ప్రమాద సంకేతం: ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రోగిలో డిగాక్సిన్ విషప్రభావం, అయిదు రోజుల్లో నాలుగు లయలు

రుమాటిక్ గుండె జబ్బుతో మన వార్డులకు వచ్చేవారిలో తరచుగా కనిపించే అంశాలను బోధన కోసం ఒకే కేసుగా కూర్చాం. ఇది ఏ ఒక్కరి కేస్ షీటూ కాదు. మోతాదులు, లెక్కలు, ఈసీజీ కొలతలు మాత్రం వార్డులో వాడుకునేవే.

రోగి 54 ఏళ్ల మహిళ, వ్యవసాయ కూలీ. బరువు 41 కిలోలు. చిన్నప్పటి కీళ్లవాత జ్వరం వల్ల, గుండె ఎడమవైపు పై, కింది గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం ఇరుకైంది (మైట్రల్ స్టెనోసిస్). ఏడాది కిందటి ఎకోలో కవాటం వైశాల్యం 1.1 చదరపు సెంటీమీటర్లు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు సరిగా కొట్టుకోకుండా వణకడం, దానివల్ల నాడి క్రమం తప్పడం) నాలుగేళ్లుగా శాశ్వతంగా ఉంది. వాడుతున్న మందులు: గుండె వేగం తగ్గించే డిగాక్సిన్ 0.25 మి.గ్రా. వారానికి 5 రోజులు, అందుకే వాడే బీటా బ్లాకర్ మెటోప్రొలాల్ 25 మి.గ్రా. రెండు పూటలా, మూత్రం ఎక్కువ పోయించే ఫ్యూరోసమైడ్ 40 మి.గ్రా. ఉదయం, రక్తం పల్చబరిచే అసినోకౌమరాల్ 2 మి.గ్రా. రాత్రి, 21 రోజులకోసారి బెంజథీన్ పెన్సిలిన్ 12 లక్షల యూనిట్ల ఇంజెక్షన్.

మార్చి నెల, మిర్చి కోతల కాలం. పది రోజుల కిందట దగ్గు, జ్వరం వస్తే ఊళ్లోనే క్లారిథ్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ 500 మి.గ్రా. రోజుకు రెండు చొప్పున ఏడు రోజులు వాడారు. ఆ కోర్సు ముగిసేసరికి విరేచనాలు మొదలై మూడు రోజులు ఆగలేదు. అయినా ఎండలో కోతకు వెళ్లారు. రెండు రోజులుగా ఏమీ సహించడం లేదు, వాంతులు, కళ్లు తిరగడం. తెల్లన్నం కూడా పసుపు పచ్చగా కనిపిస్తోందని ఆమె చెప్పిన మాటను కామెర్ల అనుమానంగా రాసి పంపారు. కళ్లలో పసుపు లేదు, బిలిరూబిన్ మామూలుగా ఉంది. పసుపు ఆమె ఒంట్లో లేదు, చూపులో ఉంది. డిగాక్సిన్ ఎక్కువైతే రెటీనా మీద పడే ప్రభావం అది.

ఉదయం 9:30కి చేరినప్పుడు బీపీ 92/60, నాడి నిమిషానికి 44, ఊపిరితిత్తులు తేటగా ఉన్నాయి, నాలుక ఎండిపోయి ఉంది. నాడి పట్టుకున్న జూనియర్ "క్రమంగా ఉంది" అని రాశారు. ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యమైన ఆధారం ఆ రెండు మాటలే. నాలుగేళ్లుగా శాశ్వత ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న మనిషి నాడి క్రమంగా ఉండకూడదు. "క్రమంగా ఉంది" అని తెలియగానే ఊపిరి పీల్చుకోవడం కాదు, లేచి ఈసీజీ మిషన్ దగ్గరికి వెళ్లాలి.

మొదటి ఈసీజీ

మిషన్ తనంతట తాను ముద్రించిన నిర్ధారణ "సైనస్ బ్రాడీకార్డియా", అంటే మామూలు లయే, నెమ్మదిగా. అది తప్పు. ఏ లయనైనా మూడు ప్రశ్నలతోనే విప్పాలి: క్యూఆర్‌ఎస్ (కింది గదులు కొట్టినప్పుడు పడే గీత) సన్నగా ఉందా, వెడల్పుగా ఉందా, ఆర్ నుంచి ఆర్ (ఒక క్యూఆర్‌ఎస్ శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి) దూరం సమంగా ఉందా, పీ అలలు (పై గదులవి) ఎక్కడున్నాయి, క్యూఆర్‌ఎస్‌తో వాటికి సంబంధం ఉందా.

ఇక్కడ క్యూఆర్‌ఎస్ వెడల్పు రెండు చిన్న గడులు, అంటే 0.08 సెకను. కాబట్టి విద్యుత్తు కింది గదుల్లోకి మామూలు దారినే, హిస్ కట్ట గుండానే దిగుతోంది. ఆర్-ఆర్ దూరం ప్రతిసారీ సరిగ్గా 34 చిన్న గడులు. 25 మి.మీ. వేగంతో నడిచే కాగితం మీద 1500ని 34తో భాగిస్తే 44. డివైడర్ లేకపోతే కాగితం అంచు మీద రెండు ఆర్‌ల దగ్గర పెన్నుతో గుర్తులు పెట్టి, ఆ అంచును మిగతా స్ట్రిప్ పొడవునా జరిపి చూస్తే చాలు. అర గడి తేడా కూడా రాలేదు. రెండో లీడ్‌లో, వీ1లో పీ అల ఒక్కటీ లేదు. బేస్‌లైన్ సన్నగా వణుకుతోంది, వీ1లో ఆ వణుకు ఇంకా స్పష్టం.

అంటే పై గదుల్లో ఫిబ్రిలేషన్ అలాగే సాగుతోంది. అక్కడి నుంచి నిమిషానికి వందల సంఖ్యలో వచ్చే తాకిడిలో ఒక్కటి కూడా ఏవీ నోడ్ (పై, కింది గదుల మధ్య విద్యుత్తు దిగే ద్వారం) దాటి కిందికి రావడం లేదు. కింద జంక్షన్ (ఏవీ నోడ్, హిస్ కట్ట కలిసే చోటు) దగ్గరి కణాలు తమ సహజ వేగంతో, అంటే 40 నుంచి 60 మధ్య, గుండెను నడిపిస్తున్నాయి. పూర్తి పేరు: ఏట్రియల్ ఫిబ్రిలేషన్, సంపూర్ణ ఏవీ బ్లాక్, జంక్షనల్ ఎస్కేప్ లయ. బ్లాక్ ఇంకా కింద ఉండి జఠరికల (కింది గదుల) కణాలే లయను మోస్తుంటే వేగం 20-40 ఉండేది, క్యూఆర్‌ఎస్ వెడల్పయ్యేది. ఆ తేడా వల్లే మొదటి గంటలో పేసింగ్ వైరుకు (సిర గుండా గుండెలోకి పంపి, విద్యుత్తుతో కొట్టించే తీగకు) తొందరపడలేదు.

ఎస్‌టీ భాగం (క్యూఆర్‌ఎస్ తర్వాతి గీత) గరిటె గుంటలా కిందికి వంగి ఉంది. దాన్ని చూసి "డిగాక్సిన్ విషం" అని రాసేవాళ్లున్నారు. ఆ గుంట మందు వాడుతున్నారని చెబుతుంది, అంతే. సరైన మోతాదులో ఉన్నవారిలోనూ కనిపిస్తుంది. విషప్రభావాన్ని చెప్పేది లయ.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో నాడి క్రమబద్ధమైతే ఏమేం కావచ్చు

మొదటిది, నిజంగానే సైనస్ లయకు తిరిగి రావడం. అప్పుడు ప్రతి క్యూఆర్‌ఎస్ ముందు, ఒకే దూరంలో పీ కనిపించాలి. ఎడమ కర్ణిక (పై గది) బాగా సాగిన మైట్రల్ స్టెనోసిస్‌లో, నాలుగేళ్ల తర్వాత, మందు గానీ షాక్ గానీ లేకుండా ఇది జరగడం అరుదు. రెండోది ఏట్రియల్ ఫ్లటర్ (పై గదులు చాలా వేగంగా, కానీ ఒకే తీరున కొట్టుకోవడం): రెండో, మూడో, ఏవీఎఫ్ లీడ్‌లలో రంపపు పళ్లు, పై గదుల వేగం 300 దగ్గర, నిష్పత్తి స్థిరంగా ఉంటే కింద 150 గానీ 75 గానీ. మందుల ప్రభావంలో ఫ్లటర్ వేగం తగ్గుతుంది కాబట్టి 75కు బదులు 60 కూడా కావచ్చు. పళ్లు కనబడకపోతే వీ1లో టీ అల ముందూ వెనకా వెతకాలి. మూడోది వెంట్రిక్యులర్ టాకీకార్డియా (జఠరికల నుంచే పుట్టే వేగమైన లయ), వెడల్పు క్యూఆర్‌ఎస్‌తో. పేస్‌మేకర్ ఉన్నవారిలో పేసింగ్ లయ కూడా వెడల్పుగా, క్రమంగానే ఉంటుంది, కాబట్టి భుజం కింద మచ్చ చూడాలి. నాలుగోది ఈమెకు వచ్చింది: పైన ఫిబ్రిలేషన్, మధ్యలో బ్లాక్, కింద జంక్షన్.

నాలుగోది కనిపిస్తే మందుల చీటీ తెప్పించడమే తర్వాతి పని. వెంట వచ్చిన కోడలిని "అత్తగారు గుండె మాత్ర శని, ఆదివారాలు ఆపుతున్నారామ్మా?" అని అడిగితే, "కొత్త చీటీలో రోజూ అని రాశారండీ, నెల నుంచి రోజూ వేస్తున్నాం" అన్నారు.

విషం ఎక్కడి నుంచి వచ్చింది

మోతాదు పెరగడం కారణాల్లో ఒకటి మాత్రమే. వారానికి 5 రోజుల లెక్కన రోజు సగటు 0.18 మి.గ్రా. పడుతుంది. ఏడు రోజులూ వేస్తే 0.25. అంటే 40 శాతం ఎక్కువ. ఒక్క అది అయితే ఇంత దాకా వచ్చేది కాదేమో.

క్లారిథ్రోమైసిన్ చేసిన నష్టం ఎక్కువ. డిగాక్సిన్‌ను పేగు నుంచి వెనక్కి, కిడ్నీ నుంచి మూత్రంలోకి తోసే పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపును అది ఆపేస్తుంది. లోపలికి ఎక్కువ వస్తుంది, బయటికి తక్కువ పోతుంది. కొందరి పేగుల్లో డిగాక్సిన్‌ను నిర్వీర్యం చేసే బ్యాక్టీరియా ఉంటుంది, యాంటీబయాటిక్ దాన్ని కూడా చంపుతుంది. కోర్సు ఆపిన మూడో రోజునే ఆమె వచ్చారు. పేరుకున్న డిగాక్సిన్ అంత త్వరగా పోదు: మామూలు కిడ్నీలతో సగం తగ్గడానికే 36-48 గంటలు, కిడ్నీలు దెబ్బతింటే నాలుగైదు రోజులు పడుతుంది.

విరేచనాలు, ఎండ, ఆపని ఫ్యూరోసమైడ్ కలిసి నీటినీ పొటాషియాన్నీ లాగేశాయి. కణం గోడలోని సోడియం-పొటాషియం పంపు మీద, బయటివైపు, డిగాక్సిన్ కూర్చుంటుంది. పొటాషియం కూడా అక్కడే పోటీ పడుతుంది. రక్తంలో పొటాషియం తగ్గితే పోటీ తగ్గి అదే మోతాదు డిగాక్సిన్ గట్టిగా అంటుకుంటుంది. అందుకే పొటాషియం తక్కువగా ఉన్నవారిలో మందు స్థాయి "మామూలు"గా కనిపించినా విషప్రభావం రావచ్చు.

10 గంటలకు తీసిన రక్తంలో, కిడ్నీలు నెమ్మదిస్తే పెరిగే క్రియాటినిన్ 1.9 (ఆరు నెలల కిందట 0.8), పొటాషియం 2.9, మెగ్నీషియం 1.4, సోడియం 131, రక్తం ఎంత పల్చబడిందో చెప్పే ఐఎన్ఆర్ 6.2, డిగాక్సిన్ స్థాయి మి.లీ.కు 4.1 నానోగ్రాములు. చివరి మాత్ర ముందురోజు రాత్రి 8కి, అంటే 14 గంటల తర్వాతి శాంపిల్. మాత్ర వేసిన ఆరు గంటల లోపు రక్తం తీస్తే మందు ఇంకా కణజాలంలోకి సర్దుకోదు, అంకె అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది. ఫారం మీద ఆఖరి మాత్ర సమయం రాయకుండా శాంపిల్ పంపితే వచ్చిన ఫలితాన్ని ఎటూ చదవలేం.

పాత క్రియాటినిన్ 0.8 గురించి ఒక మాట. దాన్ని చూసి కిడ్నీలు బాగున్నాయనుకుని 0.25 మి.గ్రా. మోతాదు రాసి ఉంటారు. కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంలో ఈమె వయసు, బరువు వేసి లెక్కిస్తే 0.8 దగ్గరే క్లియరెన్స్ (కిడ్నీలు రక్తాన్ని శుభ్రం చేసే వేగం) నిమిషానికి 52 మి.లీ. మాత్రమే. 1.9 దగ్గర 22. క్రియాటినిన్ రోజురోజుకూ మారుతున్నప్పుడు ఈ లెక్క ఉజ్జాయింపే, కానీ దిశ స్పష్టం. సన్నటి, కండ తక్కువ ఆడవాళ్లలో "నార్మల్" క్రియాటినిన్ ఎంత మోసం చేస్తుందో డిగాక్సిన్ రాసే ప్రతి ఒక్కరూ ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూసుకోవాలి.

మొదటి రెండు గంటలు

డిగాక్సిన్, మెటోప్రొలాల్, ఫ్యూరోసమైడ్, అసినోకౌమరాల్ నాలుగూ ఆపాం. మానిటర్ తగిలించి, ఛాతీ మీద పేసింగ్, డీఫిబ్రిలేషన్ రెండూ చేసే ప్యాడ్లు ముందే అంటించాం. అట్రోపిన్ 0.6 మి.గ్రా. ఆంపూల్ ఒకటి, అయిదు నిమిషాలకు ఇంకొకటి ఇచ్చాక వేగం 44 నుంచి 48కి వచ్చింది, బీపీ 100/64. డిగాక్సిన్ బ్లాక్‌లో కొంత భాగం వేగస్ నరం ద్వారా వస్తుంది, అట్రోపిన్ తీసేది ఆ భాగాన్నే.

పేసింగ్ వైరు వెయ్యలేదు. కారణాలు రెండు. ఐఎన్ఆర్ 6.2 దగ్గర మెడ సిరలో గానీ తొడ సిరలో గానీ సూది పెట్టడం రక్తస్రావానికి తలుపు తెరవడమే. అంతకన్నా ముఖ్యం, డిగాక్సిన్‌తో రెచ్చిపోయి ఉన్న కుడి జఠరికను వైరు కొన తాకితే అక్కడి నుంచే వెంట్రిక్యులర్ టాకీకార్డియా మొదలవచ్చు. స్పృహ తప్పితే, బీపీ నిలవకపోతే, ఎస్కేప్ లయ 40 కిందికి పడితే మాత్రం బయటి ప్యాడ్లతో పేసింగ్ మొదలుపెట్టి, ఆ తర్వాత వైరు ఆలోచించాలని ఆర్డర్ షీటు మీద రాశాం.

పొటాషియం ఇచ్చే తీరులో జాగ్రత్త కావాలి. కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) 10 మి.లీ. ఆంపూల్‌లో 20 ఎంఈక్యూ (మిల్లీఈక్వివలెంట్లు) ఉంటుంది. అది 500 మి.లీ. సెలైన్‌లో బాగా కలిపి, రెండు గంటలు, అంటే గంటకు 10 ఎంఈక్యూ. ఆంపూల్ పోశాక సీసాను నాలుగైదుసార్లు తలకిందులు చేయకపోతే మందు అడుగున నిలిచి మొదటి నిమిషాల్లోనే గాఢంగా వెళ్తుంది. డెక్‌స్ట్రోజ్‌లో కలపకూడదు. చక్కెరకు వచ్చే ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి తోసి రక్తంలో ఇంకా తగ్గిస్తుంది. ఏవీ బ్లాక్ ఉన్నవారిలో పొటాషియం వేగంగా పెరిగితే బ్లాక్ ముదురుతుంది, క్రియాటినిన్ 1.9 ఉంటే దాటిపోవడమూ తేలిక. అందుకే లక్ష్యం 4.0-4.5, నాలుగు గంటలకోసారి పరీక్ష, గంటగంటకూ మూత్రం కొలత.

మైట్రల్ స్టెనోసిస్‌లో సెలైన్ అంటే భయం సహజం. నెమ్మది లయలో డయాస్టోల్ (కింది గదులు వదులై నిండే సమయం) పొడవుగా ఉండి ఎడమ కర్ణిక ఖాళీ కావడానికి సమయం దొరుకుతుంది, పైగా ఆమె నీళ్లు కోల్పోయి ఉన్నారు. కాబట్టి ఇచ్చాం, ప్రతి 250 మి.లీ.కు ఒకసారి వీపు కింది భాగాల్లో విని చూస్తూ.

మెగ్నీషియం సల్ఫేట్ 2 గ్రాములు, అంటే 50 శాతం ద్రావణం 4 మి.లీ., 100 మి.లీ. సెలైన్‌లో 20 నిమిషాలు. మెగ్నీషియం తక్కువుంటే పొటాషియం ఎంత పోసినా కిడ్నీ నుంచి కారిపోతూనే ఉంటుంది. కానీ అది కూడా ఏవీ నోడ్‌ను అణచగలదు, కిడ్నీలు బాగాలేనివారిలో పేరుకుంటుంది. అందుకే రెండో మోతాదుకు ముందు మోకాలి రిఫ్లెక్స్ చూసి, మళ్లీ స్థాయి తెలిశాకే నిర్ణయించాలి. వాంతులకు మెటోక్లోప్రమైడ్ 5 మి.గ్రా. ఇచ్చాం. చేతికందే ఆన్‌డాన్‌సెట్రాన్ వద్దనుకున్నాం. పొటాషియం 2.9, మెగ్నీషియం 1.4, మొన్నటి దాకా క్లారిథ్రోమైసిన్: క్యూటీని (కొట్టిన తర్వాత జఠరికలు విద్యుత్తుపరంగా తేరుకునే దాకా పట్టే సమయాన్ని) పొడిగించే మందును వీటి మీద వెయ్యడానికి సరైన సమయం కాదు.

11:30: మానిటర్ మీద 70, మణికట్టు దగ్గర 35

నర్సు సంతోషంగా "రేటు డెబ్బైకి వచ్చింది" అన్నారు. పల్స్ ఆక్సిమీటర్ మాత్రం 35 చూపిస్తోంది. ఈ రెండు అంకెలు కలవకపోతే వేలి క్లిప్‌ను తప్పుపట్టే ముందు స్ట్రిప్ ముద్రించాలి. ఒక సన్నని క్యూఆర్‌ఎస్, 12 చిన్న గడుల తర్వాత ఒక వెడల్పు క్యూఆర్‌ఎస్ (0.14 సెకను), 31 గడుల ఖాళీ, మళ్లీ సన్నది. వెంట్రిక్యులర్ బైజెమినీ: ప్రతి మామూలు కొట్టుడు వెనకే జఠరికల నుంచి ఒక అదనపు కొట్టుడు. ముందొచ్చే ఆ వెడల్పు కొట్టుడుకు గుండె నిండకముందే బిగుసుకుంటుంది, రక్తం మణికట్టు దాకా రాదు. మానిటర్ క్యూఆర్‌ఎస్‌లు లెక్కపెడుతుంది, వేలు రక్తాన్ని లెక్కపెడుతుంది.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో వెడల్పు కొట్టుడు కనిపించినప్పుడల్లా యాష్‌మన్ ప్రభావమా, నిజమైన వెంట్రిక్యులర్ ఎక్టోపిక్కా (జఠరికల నుంచే ముందుగా పుట్టిన కొట్టుడా) అన్న ప్రశ్న వస్తుంది. పొడవాటి విరామం తర్వాత పొట్టి విరామం వచ్చి, కుడి బండిల్ బ్లాక్ ఆకారంలో ఒక కొట్టుడు పడితే అది యాష్‌మన్. పై నుంచి వచ్చిందే, కుడి కట్ట ఇంకా తేరుకోక వెడల్పయింది. దాని కప్లింగ్ దూరం (ముందరి కొట్టుడు నుంచి దూరం) ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. ఇక్కడ ప్రతిసారీ సరిగ్గా 12 గడులు. పైగా పై నుంచి ఏదీ దిగడమే లేదని ముందే తేలింది. కాబట్టి ఇది జఠరికల నుంచే.

డిగాక్సిన్ వింత అంతా ఇందులో ఉంది. ఏవీ నోడ్ దగ్గర దారి మూసేస్తుంది. అదే సమయంలో కణంలో సోడియం పెరిగి, దాని వెంట కాల్షియం పోగై, కొట్టుడు ముగిసిన వెంటనే చిన్న చిన్న తాకిడులు పుట్టిస్తుంది. ఒకవైపు అణిచివేత, ఒకవైపు రెచ్చగొట్టడం. నెమ్మది లయా ఎక్టోపిక్కులూ ఒకే స్ట్రిప్‌లో కనిపిస్తే మొదట డిగాక్సిన్‌ను అనుమానించాలి. పచ్చ గన్నేరు గింజల్లోనూ ఇదే జాతి గ్లైకోసైడ్లు ఉంటాయి కాబట్టి ఆ విషం తిన్నవారి ఈసీజీలూ ఇలాగే ఉంటాయి.

13:10: దిశ మార్చుకుంటూ కొట్టే టాకీకార్డియా

అకస్మాత్తుగా వేగం 150. క్యూఆర్‌ఎస్ వెడల్పు, ఆర్-ఆర్ సరిగ్గా 10 గడులు. లీడ్ రెండులో ఒక కొట్టుడు పైకి, మరుసటిది కిందికి, మళ్లీ పైకి. వీ1లో అన్నీ కుడి బండిల్ బ్లాక్ ఆకారమే, కానీ యాక్సిస్ (విద్యుత్తు సాగే దిశ) ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి మళ్లుతోంది. దీన్ని బైడైరెక్షనల్ వెంట్రిక్యులర్ టాకీకార్డియా అంటారు. ఈ చిత్రం ఇచ్చే కారణాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: డిగాక్సిన్ విషం, పిల్లల్లో యువకుల్లో శ్రమకు వచ్చే వంశపారంపర్య కాటెకొలమినర్జిక్ టాకీకార్డియా, వత్సనాభి విషం, అరుదుగా తీవ్రమైన మయోకార్డైటిస్. నాటు మందులు వాడేవారి దగ్గర వత్సనాభి గురించి తప్పక అడగాలి. ఈమె అవేవీ వాడలేదు.

ఆమె మెలకువగానే ఉన్నారు, నాడి అందుతోంది, బీపీ 84/56. ఊపిరితిత్తుల అడుగున చిన్న చిటపటలు మొదలయ్యాయి: 150 వేగంలో ఇరుకు కవాటం నుంచి రక్తం దిగడానికి సమయం చాలదు. అలవాటు కొద్దీ చెయ్యి పోయే మూడు పనులు ఇక్కడ చేయకూడనివే. అమియోడరాన్ డిగాక్సిన్ స్థాయిని ఇంకా పెంచుతుంది, నోడ్‌ను ఇంకా అణుస్తుంది. వెరపమిల్ కూడా అంతే, కారణం తేలని వెడల్పు టాకీకార్డియాలో అది ప్రమాదకరం. నాడి ఉన్నవారికి షాక్ ఇస్తే డిగాక్సిన్ నిండిన గుండె ఫిబ్రిలేషన్‌లోకి జారి తిరిగి రాకపోవచ్చు. నాడి పోతే మాత్రం షాక్ తప్పదు, ఆలోచన అక్కర్లేదు. మెడ దగ్గర కెరోటిడ్ మసాజ్ కూడా ఈ రోగుల్లో చేయకూడదు.

ఇచ్చింది జఠరికల రెచ్చిపోవడాన్ని అణిచే లిగ్నోకైన్: 2 శాతం, 2.5 మి.లీ., అంటే 50 మి.గ్రా. (కిలోకు 1.2 మి.గ్రా.), మూడు నిమిషాల పాటు సిరలోకి. వార్డు అలమరలో మత్తు కోసం ఉంచే వయల్‌లో ప్రిజర్వేటివ్ ఉంటుంది, కొన్నిటిలో అడ్రినలిన్ కలిపి ఉంటుంది. హడావుడిలో ఆ వయల్ చేతికొస్తే జరిగే నష్టం చెప్పక్కర్లేదు. గుండెకు వాడే వయల్‌ను క్రాష్ కార్ట్‌లో విడిగా, పెద్ద అక్షరాల లేబుల్‌తో ఉంచాలి. లిగ్నోకైన్ కింది ఎస్కేప్ లయనూ అణచగలదు, అందుకే పేసింగ్ ప్యాడ్లు ముందే అంటించి ఉండటం.

నాలుగు నిమిషాలకు టాకీకార్డియా ఆగి బైజెమినీ, మరో పావుగంటకు క్రమమైన 48. తర్వాత ఇన్‌ఫ్యూజన్: 2 శాతం ద్రావణం 25 మి.లీ. (500 మి.గ్రా.) సెలైన్‌తో 50 మి.లీ. చేసి, సిరంజి పంపులో గంటకు 6 మి.లీ., అంటే నిమిషానికి 1 మి.గ్రా. దీన్ని మించలేదు: చిన్న శరీరం, తగ్గిన రక్తప్రసరణ, పైగా ఒంట్లో ఇంకా ఉన్న మెటోప్రొలాల్ కాలేయంలో లిగ్నోకైన్ ఖర్చును తగ్గిస్తుంది. పెదవుల చుట్టూ తిమ్మిరి, మాట తడబడటం, మగత గంటకోసారి అడిగి రాశారు. చిటపటలు పెరగకుండా సెలైన్ ఆపి, మిగిలిన పొటాషియం వాంతి తగ్గాక సిరప్‌గా, 15 మి.లీ.లో 20 ఎంఈక్యూ, అర గ్లాసు నీళ్లలో కలిపి ఇచ్చాం. పొటాషియం సాయంత్రానికి 3.4, అర్ధరాత్రికి 4.1.

అసలు విరుగుడు డిగాక్సిన్ యాంటీబాడీ ముక్కలు (డిగాక్సిన్‌ను పట్టుకుని పనిచేయనివ్వని ప్రోటీన్లు). ప్రాణాపాయ లయ ఉన్నవారికి మొదటి మందు అదే కావాలి. లెక్క సులువు: స్థాయిని బరువుతో గుణించి 100తో భాగిస్తే వయల్స్ సంఖ్య. 4.1 × 41 ÷ 100 = 1.7, అంటే 2 వయల్స్. మన దగ్గర చాలా ఆసుపత్రుల స్టోర్లలో అది ఉండదు, ఈ ఆసుపత్రిలోనూ లేదు. డయాలిసిస్‌తో డిగాక్సిన్ పోదు, అది కణజాలంలో ఉంటుంది, రక్తంలో చాలా తక్కువ. విరుగుడు లేనిచోట మిగిలేది పొటాషియం, మెగ్నీషియం, లిగ్నోకైన్, కిడ్నీలు కోలుకునే దాకా కన్ను తియ్యని కాపలా.

ఐఎన్ఆర్ 6.2కు క్లారిథ్రోమైసిన్, రెండు రోజుల పస్తు కారణాలు. రక్తస్రావం లేదు కాబట్టి అసినోకౌమరాల్ ఆపి రోజూ పరీక్షించడం సరిపోయింది, విటమిన్-కే ఇవ్వలేదు. ఎక్కువ మోతాదు విటమిన్-కే ఇస్తే తర్వాత వారం దాకా ఐఎన్ఆర్ ఎక్కదు. మైట్రల్ స్టెనోసిస్, ఫిబ్రిలేషన్ కలిసిన గుండెలో ఆ వారం ప్రమాదకరం. పెన్సిలిన్ ఇంజెక్షన్ గడువు రెండో రోజునే వచ్చింది. ఐఎన్ఆర్ 3 కిందికి వచ్చాకే వెయ్యమని రాశాం. కండలోకి లోతుగా వేసే సూది ఆ స్థితిలో పిరుదులో రక్తపు గడ్డ కట్టిస్తుంది.

మూడో రోజు: అందరూ నిశ్చింతగా ఉన్న లయ

మూడో రోజు ఉదయం మానిటర్ మీద 83, క్రమంగా, సన్నని క్యూఆర్‌ఎస్. ఎక్టోపిక్కులు లేవు, బీపీ 110/70, ఆమె ఇడ్లీ తిన్నారు. రౌండ్స్‌కు ముందే లిగ్నోకైన్ ఆపి, మెటోప్రొలాల్ మొదలుపెట్టి, వార్డుకు మార్చాలని నోట్ రాసి ఉంది.

ఆర్-ఆర్ సరిగ్గా 18 గడులు. పీ లేదు. బేస్‌లైన్ వణుకుతూనే ఉంది. జంక్షన్ సహజ వేగం 60 దాటదు. 83 అంటే అది రెచ్చిపోయి కొడుతోంది. యాక్సిలరేటెడ్ జంక్షనల్ లయ. పైన బ్లాక్ అలాగే ఉంది. మొదటి రోజు 44 నెమ్మదిగా ఉండటం వల్ల కంటికి ఆనింది, 83 మామూలు అంకె కాబట్టి దాక్కుంది. డిగాక్సిన్ విషంలో ఎక్కువసార్లు జారిపోయే లయ ఇదే. ఆ రోజు స్థాయి 2.6, క్రియాటినిన్ 1.5. ఈ దశలో మెటోప్రొలాల్ ఇచ్చి జంక్షన్‌ను అణచివేస్తే కింద ఏమీ మిగలకపోవచ్చు. నోట్ కొట్టేసి మానిటర్ బెడ్‌లోనే ఉంచాం. లిగ్నోకైన్ మాత్రం గంటకు 3 మి.లీ.కు తగ్గించి, సాయంత్రం ఆపాం.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆర్-ఆర్ దూరాలు 16, 21, 18, 25, 17. మళ్లీ అస్తవ్యస్తం. మొదటిసారిగా పై గదుల తాకిడి కిందికి దిగింది. క్రమం తప్పిన లయలో వేగాన్ని ఆర్-ఆర్‌తో లెక్కించకూడదు. పది సెకన్ల స్ట్రిప్‌లోని క్యూఆర్‌ఎస్‌లు లెక్కపెట్టి 6తో గుణించాలి: 13 క్యూఆర్‌ఎస్‌లు, 78. అయిదో రోజు స్థాయి 1.5, క్రియాటినిన్ 1.0. ఆ సాయంత్రానికి వేగం 118కి ఎక్కింది, మందు దిగిపోతోందనడానికి గుర్తు. అప్పుడు మెటోప్రొలాల్ 25 మి.గ్రా. రెండు పూటలా మొదలుపెట్టి, ఏడో రోజుకు 50కి పెంచాం. విశ్రాంతిలో వేగం 80 దగ్గర నిలిచింది.

ఇంటికి పంపేటప్పుడు

డిగాక్సిన్ తిరిగి ఇవ్వలేదు. బీటా బ్లాకర్ ఒక్కదానితో వేగం అదుపులో ఉంటే ఈ బరువుకు, ఈ కిడ్నీలకు దాన్ని కలపడంలో లాభం తక్కువ. ఎప్పుడైనా తప్పనిసరై రాస్తే సగం మాత్ర, 0.125 మి.గ్రా. రోజూ, వారం తర్వాత స్థాయి చూసి. వారానికి అయిదు రోజుల పద్ధతిని ఇక వదిలెయ్యాలని మా అభిప్రాయం. చీటీ రాసే చెయ్యి మారిన ప్రతిసారీ ఆ "5 రోజులు" అన్న మాట జారిపోయే అవకాశం ఉంది, ఈ కేసులో జారింది. రోజూ సగం మాత్ర అంటే మరిచిపోవడానికేం లేదు, స్థాయి కూడా సమంగా ఉంటుంది.

అసినోకౌమరాల్ ఐఎన్ఆర్ 2.3 దగ్గర తిరిగి మొదలైంది, లక్ష్యం 2-3. "నెలనెలా రక్త పరీక్ష లేని కొత్త మాత్ర ఇవ్వండి" అని కుటుంబం అడిగింది. రుమాటిక్ జబ్బు వల్ల వచ్చిన ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో రివరాక్సబాన్‌ను విటమిన్-కే విరోధి మందులతో పోల్చిన ఇన్‌విక్టస్ ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. పాత మందు వాడినవారిలోనే మరణాలు తక్కువ. కాబట్టి పరీక్షల బాధ ఉన్నా ఈమెకు అదే.

కోడలికి మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి నిమిషం పూర్తిగా లెక్కపెట్టడం నేర్పించాం. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం ఈ లయలో పనికిరాదు. నాడి 55 కన్నా తగ్గినా, తూకంగా ఒకే తీరున కొట్టినా, ఏ వేగంలో అయినా, ఫోన్ చెయ్యమన్నాం. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజు ఫ్యూరోసమైడ్ ఆపి మరుసటి రోజు రక్త పరీక్షకు రావాలి. చీటీ వెనక ఎర్ర ఇంకుతో, ఊళ్లో మందిచ్చేవారికి చూపించడానికి, "రక్తం పల్చబరిచే మాత్ర వాడుతున్నారు. క్లారిథ్రోమైసిన్, ఎరిథ్రోమైసిన్, నొప్పి మాత్రలు ఇవ్వొద్దు, కండకు సూది వేసే ముందు ఫోన్ చెయ్యండి" అని రాసిచ్చాం.

మూడు వారాల తర్వాత బరువు 42 కిలోలు, స్టెత్‌తో గుండె దగ్గర 82, మణికట్టు దగ్గర 76, క్రమం లేదు. పొటాషియం 4.3, క్రియాటినిన్ 0.8, ఐఎన్ఆర్ 2.4. అన్నం తెల్లగా కనిపిస్తోంది. పెన్సిలిన్ ఇంజెక్షన్ వేశాం. కవాటం బెలూన్‌తో విప్పడానికి తగిన తీరులో ఉందో లేదో, ఎడమ కర్ణికలో గడ్డ ఉందో లేదో చూడటానికి అన్నవాహిక గుండా చేసే ఎకోకు పంపించాం.